ఊరు వదిలాకే వచ్చే పేరు

గచ్చిబౌలి చుట్టుపక్కల ఆఫీసులున్నవాళ్ళలో జి.ఎం.సి. బాలయోగి స్టేడియం తెలియనివాళ్ళు ఉండరు. ఆ మొదటి 'జి' ఏమిటో తెలిసినవాళ్ళు మాత్రం తక్కువ. గంటి. గంటి మోహనచంద్ర బాలయోగి. అలాగే పి. సాయినాథ్ రాసినవి చదివినవాళ్ళు మన తరంలో చాలామందే ఉన్నారు. ఆ 'పి' పాలగుమ్మి. ఈ రెండూ కోనసీమ ఊళ్ళ పేర్లు. గంటి కొత్తపేట మండలంలో ఉంది, పాలగుమ్మి అమలాపురం మండలంలో ఉంది. ఒక ఊరు స్టేడియం బోర్డు మీద, ఇంకో ఊరు వ్యాసాల కింద సంతకంలో, చెరో అక్షరంగా ముడుచుకుని కూర్చున్నాయి. మనం రోజూ వాటి పక్కనుంచే వెళ్తున్నాం.

మన సాహిత్య చర్చల్లో ఇంటిపేరుని ముఖ్యంగా రెండు రకాలుగా చదువుతారు. ఒకటి, కులం కనుక్కోడానికి. కథ చదవకముందే రచయిత ఇంటిపేరు చూసి "ఓహో, వీళ్ళా" అనుకుని, ఆ తర్వాత కథలో ఆ కులాన్ని వెతుక్కోవడం. రెండోది, వేళ్ళు చూపించుకోడానికి. "మాది గోదావరి, మా తాతముత్తాతలది ఇక్కడే" అని చెప్పుకోడానికి. ఈ రెండు చదువులూ ఇంటిపేరు మీద రాసున్నదాన్ని సరిగ్గా చదవడం లేదని నాకనిపిస్తుంది. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు ముందుగా ఒక ప్రయాణం సంగతి చెబుతుంది. మనవాళ్ళు ఒకప్పుడు ఎక్కడినుంచో బయల్దేరి, కొత్తచోట పరాయివాళ్ళుగా దిగారని చెబుతుంది. గోదావరి గురించి రాసే, చదివే మనకి ఆ సంగతి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి దాని మీదే ఈ వ్యాసం.

ముందు వ్యాకరణం. భయపడకండి, చిన్నదే.

అంబాజీపేట మండలంలో పుల్లేటికుర్రు అని ఒక ఊరుంది. పుల్లేటికుర్తి అని ఒక ఇంటిపేరుంది. 'కుర్రు' ఎందుకు 'కుర్తి' అయింది? రాయి 'రాతి' గోడ అయినట్టు, నేయి 'నేతి' గిన్నె అయినట్టు. తెలుగులో కొన్ని మాటలు ఇంకో మాటకి ముందు నిలబడేటప్పుడు చివర మార్చుకుంటాయి. వీటినే ఔపవిభక్తికాలు అంటారు. చిన్నయసూరి బాలవ్యాకరణం ఈ మార్పులకి ఇ, టి, తి అని మూడు గుర్తులు చెబుతుంది. ఊరు 'ఊరి' చెరువు అవుతుంది. ఏరు 'ఏటి' గట్టు అవుతుంది. రాయి 'రాతి' గోడ అవుతుంది. ఇప్పుడు పుల్లేటికుర్తిని మళ్ళీ చూడండి. లోపల పుల్లేరు 'పుల్లేటి' అయి ఉంది, బయట కుర్రు 'కుర్తి' అయి ఉంది. ఏటిని కుర్రుకి కట్టేసిన ముడి ఒకటి, కుర్రుని మనిషికి కట్టేసిన ముడి ఒకటి. మొదటి ముడి ఊరికి పేరు పెట్టినవాళ్ళు వేసింది. రెండోది ఆ ఊరు వదిలి వెళ్ళినవాళ్ళకి వేరే ఊరివాళ్ళు వేసింది.

ఈ పద్ధతి తెలిస్తే చాలా పేర్లు విప్పుకోవచ్చు. కందుకూరు నుంచి కందుకూరి. మేడపాడు నుంచి మేడపాటి. ఓరుగల్లు నుంచి ఓరుగంటి, ఇల్లు 'ఇంటి' అయినట్టే. చిలకమర్తి, పెనుమర్తి అన్న పేర్ల వెనక 'మర్రు' ఉంది. అన్నట్టు 'ఇంటిపేరు' అన్న మాటలో ఉన్న 'ఇంటి' కూడా ఇలాంటి ముడే. పేరుకి ఇల్లు అన్నాం గానీ, విప్పి చూస్తే లోపల చాలాసార్లు ఇల్లుండదు, ఊరుంటుంది.

ఈ ముడికి అవతల ఏదో ఒక నామవాచకం ఉండాలి. 'కందుకూరి' అంటే కందుకూరుకి చెందిన... ఎవరు? 'వారు'. పెళ్ళి శుభలేఖల్లో ఇప్పటికీ 'ఫలానా వారి' అని పూర్తిగా రాస్తాం. రికార్డుల్లోకి ఎక్కేసరికి ఆ 'వారు' రాలిపోయింది. మాటకి ముందు నిలబడాల్సిన విశేషణం ఒంటరిగా మిగిలింది. అమెరికా వెళ్ళాక అదే పేరు 'లాస్ట్ నేమ్' డబ్బాలో పడి పేరు చివరికి చేరింది. ఇక దాని తర్వాత ఏ మాటా లేదు. ప్రోగ్రామర్లు దీన్ని డాంగ్లింగ్ పాయింటర్ అంటారు. ఎటో చూపిస్తూ ఉంటుంది, అక్కడ చూస్తే ఏమీ ఉండదు.

ఇంటిపేరు ఎటు చూపిస్తుందన్నది అసలు ప్రశ్న. కందుకూరులో ఉన్నవాణ్ణి ఎవరైనా 'కందుకూరి వారు' అని పిలుస్తారా? పిలిచి ప్రయోజనం లేదు, ఊరంతా కందుకూరి వారే. ఆ పేరుతో ఒకణ్ణి ఇంకొకడి నుంచి విడదీయలేం. అతను ఊరు వదిలి ఇంకో చోట దిగాక, అక్కడి జనానికి అతన్ని గుర్తుపట్టే అవసరం వచ్చినప్పుడు ఆ పేరు పుడుతుంది. అంటే ఈ పేరుని మనం పెట్టుకోలేదు, మనల్ని కొత్తగా చూసినవాళ్ళు పెట్టారు. ఒక ఇంటిపేరు ఎక్కడెక్కడ ఉందో మ్యాప్ మీద చుక్కలు పెట్టుకుంటూ పోతే, ఏ ఊరి పేరుతో అది పుట్టిందో సరిగ్గా అక్కడ ఖాళీ కనిపించాలి. చుట్టూ చుక్కలు, మధ్యలో చిల్లు.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది కూడా చెప్పుకోవాలి. ఊరి మీద అధికారం ఉన్నవాడికి కూడా ఊరి పేరు వస్తుంది. కరణీకం చేసిన కుటుంబాలకి ఆ ఊరి పేరే ఇంటిపేరుగా నిలిచిపోవడం తెలిసిన సంగతే. కాబట్టి ఊరి పేరు రెండు దారుల్లో మనిషికి అంటుకుంటుంది: ఊరిని ఏలితే, లేదా ఊరు వదిలితే. పేరు చూసి ఏ దారో చెప్పలేం. ఏలినవాడి పేరూ వదిలినవాడి పేరూ రాతలో ఒకేలా ఉంటాయి. ఈ విషయం గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇప్పుడు పాలగుమ్మి సంగతి. ఇది ప్రతి ఊళ్ళో వినపడే ఇంటిపేరు కాదు. కానీ తెలుగు చదివేవాళ్ళకి బాగా తెలుసు, కారణం పాలగుమ్మి పద్మరాజు. ఆయన 1915లో పుట్టింది పశ్చిమ గోదావరిలో అత్తిలి దగ్గర తిరుపతిపురంలో. ఇంటిపేరు చూపించే ఊరు నదికి ఇవతల, కోనసీమలో. పుట్టిన ఊరికీ ఇంటిపేరు ఊరికీ మధ్య గోదావరి పాయ ఉంది. ఆకాశవాణి లలిత సంగీతం విన్నవాళ్ళకి పాలగుమ్మి విశ్వనాథం తెలుసు. సాయినాథ్ 1957లో మద్రాసులో పుట్టాడు, దేశంలో కరువు జిల్లాలన్నీ తిరిగాడు, ఇంగ్లీషులో రాశాడు. వీళ్ళంతా ఒకే కుటుంబమా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు. మండలంలో ఒక ఊరి పేరు కథలోకి, రేడియోలోకి, జర్నలిజంలోకి ఎలా నడిచి వెళ్ళిందో చూడండి. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది.

పద్మరాజు 'గాలివాన' కథకి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. ఆ బహుమతి సంగతి ప్రతివాళ్ళూ చెబుతారు. నాకు ఆసక్తి కలిగించేది వేరే. అందులో ముఖ్యపాత్ర కథంతా 'రావుగారే'. ఇంటిపేరు అక్కర్లేని పెద్దమనిషి. నియమాలు, హోదా, జీవితం గురించి స్థిరమైన అభిప్రాయాలు, అన్నీ ఉన్న మనిషి. ఆయన్ని రైల్లో ఊరు దాటించి, తుఫానులో ఒక స్టేషన్లో దించి, ముష్టి అమ్మాయి పక్కన కూర్చోబెట్టేసరికి అవన్నీ ఒక్కొక్కటీ ఎగిరిపోతాయి. ఆ స్టేషన్లో రావుగారెవరో ఎవరికీ పట్టదు. ఊరు దాటిన మనిషికి తనదనుకున్న పేరు ఎంతవరకు పనిచేస్తుందని ఆ కథ అడుగుతోందని నేను చదువుకుంటాను. తన పుట్టిన ఊరు కాని ఊరి పేరుని మోస్తున్న రచయిత ఈ కథ రాయడం నాకు కాకతాళీయంగా అనిపించదు. ఇది నిరూపించగల విషయం కాదు, ఒక పాఠకుడి ఊహ మాత్రమే.

ఇక్కడే గోదావరి సాహిత్యం మీద నా ఫిర్యాదు. గోదావరి అనగానే మనకి కాలువ గట్టు, లాంచీ, కొబ్బరితోట, పూతరేకులు, వెటకారం. ఈ రచనల్లో జనం ఎప్పుడూ అక్కడే ఉన్నట్టుంటారు. నది ఎప్పటినుంచి ఉందో వాళ్ళూ అప్పటినుంచే ఉన్నట్టు. వంశీ 'మా పసలపూడి కథలు' తీసుకోండి. చదువుతుంటే ఆపలేం, ఆ మాట ఒప్పుకోవాలి. తినేవాటి పేర్లు, ఇళ్ళ గుర్తులు, మనుషుల మాట తీరు, ఏదీ తప్పిపోదు. పాత్రలకి ఇంటిపేర్లు పెట్టి పిలవడంలో ఉన్న రుచి కూడా వంశీకి బాగా తెలుసు. కానీ ఆ పుస్తకం శీర్షికలోని 'మా' మీద ఆగండి. వంశీ అసలు పేరు నల్లమిల్లి భామిరెడ్డి. నల్లమిల్లి కూడా ఊరి పేరే. పసలపూడిని 'మా' అంటున్న పేరులో ఇంకో ఊరుంది. ద్వారంపూడి, తేతలి, కొవ్వూరి, మేడపాటి, ఇలా ఆ చుట్టుపక్కల వినపడే ఇంటిపేర్లలో ఊళ్ళకి ఊళ్ళే ఉన్నాయి. ఆ కథల్లోని ఊరు వచ్చినవాళ్ళతో నిండిన ఊరు. వాళ్ళెప్పుడొచ్చారు, ఎందుకొచ్చారు, వచ్చినప్పుడు ఎవరు చోటిచ్చారు, ఎవరు చోటు కోల్పోయారు అన్నది మాత్రం కథల్లోకి రాదు. జ్ఞాపకం తాత దగ్గర మొదలై తాత దగ్గరే ఆగిపోతుంది.

నిజానికి డెల్టా చాలావరకు కట్టిన ప్రాంతం. ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంతకుముందు వరదా కరువూ వంతులేసుకుని వచ్చిన నేల అది. కాలువలు వచ్చాక మెట్ట నుంచి, ఇతర జిల్లాల నుంచి కౌలుకీ కూలీకీ జనం వచ్చారు. మనం పాతకాలం నుంచీ ఉందనుకునే పచ్చదనానికి వయసు 170 ఏళ్ళు దాటి కొద్దికాలమే. రాజమండ్రి అనగానే గుర్తొచ్చే మనిషి వీరేశలింగం. 1881 డిసెంబరులో మొదటి వితంతు వివాహం ఆయన అక్కడే చేయించాడు, టౌన్‌హాలు అక్కడే కట్టించాడు. ఆయన పూర్వీకులు కందుకూరు నుంచి వలస వచ్చినవాళ్ళు. రాజమండ్రి తనదని చెప్పుకునే మొదటి మనిషి పేరులోనే రాజమండ్రి లేదు, కందుకూరుంది. చిలకమర్తి లక్ష్మీనరసింహం ఖండవల్లిలో పుట్టి, రాజమండ్రిలో బతికి, ఇంకో ఊరి గుర్తుని పేరులో మోశాడు. గోదావరి ఆధునిక సాహిత్యాన్ని మొదలుపెట్టినవాళ్ళ పేర్లు ఒక వరసలో పెడితే అది వలసల చిట్టాలా ఉంటుంది.

దీన్ని ఇప్పుడు చెప్పడం దేనికంటే, 'స్థానికులు', 'బయటినుంచి వచ్చినవాళ్ళు' అన్న మాటలు మన దగ్గర చాలా తేలిగ్గా వాడుతున్నారు. ఆ మాట వాడేముందు ఎవరికి వాళ్ళు తమ ఇంటిపేరు ఒకసారి విప్పి చూసుకుంటే బావుంటుంది.

ఇక కులం. బాలయోగి ఇంటిపేరు గంటి అన్నాను కదా. తెలుగు భాషాశాస్త్రం చదివినవాళ్ళకి ఇంకో గంటి వారు తెలుసు, 'ఆంధ్ర భాషా వికాసము' రాసిన గంటి జోగి సోమయాజి. ఒకరు యజ్ఞం చేసినవారి బిరుదు పేరులో ఉన్న బ్రాహ్మణ పండితుడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఇంకొకరు ఎదుర్లంకలో పుట్టి, అమలాపురం నుంచి గెలిచి, 1998లో లోక్‌సభకి తొలి దళిత స్పీకర్ అయినవాడు. ఇద్దరికీ ఇంటిపేరు ఒకటే. ఇంటిపేరు కులం చెబుతుందనే నమ్మకానికి ఇంతకంటే సూటి జవాబు నాకు కనపడలేదు. ఊరి పేరు ఊరందరిదీ. అగ్రహారం నుంచి వెళ్ళినా, పేట నుంచి వెళ్ళినా, వెళ్ళినచోట పిలిచే పేరు అదే.

అయితే దీన్ని చూసి మురిసిపోవడం కూడా తొందరపాటే. మన దగ్గర ఒకే కులంలో ఒకే ఇంటిపేరుంటే అన్నదమ్ముల వరస, పెళ్ళి కుదరదు. వందల ఏళ్ళ కింద ఒకే ఇంటివాళ్ళమై ఉంటామన్న అనుమానానికి అంత విలువిస్తాం. మరి రెండు కులాల్లో ఒకే ఇంటిపేరున్నప్పుడు? అప్పుడు ఎవరూ అన్నదమ్ములు కారు. పెళ్ళికి ఇంటిపేరు అడ్డన్న మాట కూడా ఎవరూ అనరు, ఎందుకంటే అంతదూరం ఆలోచన రానే రాదు. ఒకే ఊరు వదిలివచ్చిన ఇద్దరి మధ్య బంధుత్వాన్ని ఊరు నిర్ణయించదు. ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు ఏ వైపున ఉండేవో అది నిర్ణయిస్తుంది. ఇంటిపేరు ఆ వైపుని రాసుకోలేదు. అందుకే అడిగేవాళ్ళు ఇంటిపేరుతో ఆగరు. హైదరాబాదులో అద్దెకి ఇల్లు వెతుక్కున్నవాళ్ళకి ఈ వరస తెలుసు. "ఇంటిపేరేంటి బాబూ?" "ఫలానా అండీ." "ఏ ఊరు?" "ఫలానా ఊరండీ." "మీరేమిట్లు?" మొదటి ప్రశ్న పనిచేస్తే మూడో ప్రశ్న అవసరం ఉండేది కాదు. ఇంటిపేరు ఇక్కడ అడిగేవాడికి సహకరించలేదు, అంతే. ఇల్లు దొరకాలంటే మాత్రం మూడోదానికి జవాబు చెప్పాల్సిందే.

కాబట్టి ఇంటిపేరు తీసేస్తే కులం పోతుందన్న ఆశ కూడా నాకు లేదు. మన కవుల్లో చాలామంది పొట్టిపేర్లతో ఇంటిపేరుని దాటేశారు: శ్రీశ్రీ, ఆరుద్ర, చలం. వీళ్ళలో శ్రీశ్రీకీ చలానికీ ఇంటిపేరు పుట్టుకతో వచ్చింది కాదు. శ్రీరంగం అన్నది శ్రీశ్రీకి దత్తత వల్ల వచ్చిన ఇంటి పేరు, అసలు వాళ్ళది పూడిపెద్ది. చలం పుట్టింది కొమ్మూరి వారింట్లో, దత్తతతో గుడిపాటి అయ్యాడు. రక్తం గుర్తుగా మనం చూసే పేరు ఒక దస్తావేజుతో మారిపోయింది. మారినా కులం మాత్రం దస్తావేజు దాటలేదు.

ఈ దస్తావేజు లేకుండానే ఇంటిపేరు మారేవాళ్ళు జనాభాలో సగం ఉన్నారు. పెళ్ళితో. ఊరు వదిలినవాళ్ళకి పాత ఊరి గుర్తు మిగులుతుందన్న నా సూత్రం ఆడవాళ్ళ దగ్గర తిరగబడుతుంది. ఊరు వదిలేది ఆమె. కొత్తచోట పరాయిదిగా దిగేదీ ఆమే. నా లెక్క ప్రకారం ఆమెకి పుట్టింటి ఊరి గుర్తు గట్టిగా అంటుకోవాలి. అంటుకునేది దిగిన ఇంటి పేరు. ఆ ఇల్లు కూడా ఎప్పుడో ఎక్కడినుంచో వచ్చినదే అయినా. అంటే ఇంటిపేరు దాచిపెట్టే ప్రయాణాల చరిత్ర మగవాళ్ళ ప్రయాణాల చరిత్ర మాత్రమే. అమ్మమ్మలు, నాయనమ్మలు నడిచిన దారులు ఏ మ్యాప్ మీదా చుక్కలుగా పడవు. పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ ఇల్లాలు తన పేరే మర్చిపోతుంది. ఇంట్లోవాళ్ళకి ఆ పేరుతో పనిలేదు కాబట్టి వాళ్ళు చెప్పలేరు. చివరికి చిన్నప్పటి స్నేహితురాలు 'శారదా' అని పిలిస్తే తెలుస్తుంది. ఆ కథని అందరూ పేరు పోగొట్టుకున్న కథగా చదువుతారు. ఇంటిపేరు దృష్టితో చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. ఆమెకి పేరు తిరిగి దొరికేది ఇంటి బయట. ఇల్లు ఆమె పేరుని ఉంచుకోలేదు.

ఈ కథంతా మనకే ప్రత్యేకమని కూడా అనుకోనక్కర్లేదు. స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దులో బాస్క్ జనం ఉన్నారు. వాళ్ళ ఇంటిపేర్లలో చాలావాటికి మూలం నిజంగానే ఇల్లు. ఎచెబెర్రియా అన్న ఇంటిపేరుకి అర్థం కొత్తిల్లు. కొత్తిళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి కాబట్టి ఆ పేరున్నవాళ్ళంతా చుట్టాలు కారు, మన కొత్తపల్లి వాళ్ళంతా చుట్టాలు కానట్టే. నవార్‌లో అదే మాట మీద పేరొచ్చిన కోటలో 1506లో ఫ్రాన్సిస్ పుట్టాడు. ఆ కోట పేరే జేవియర్. ఆ పేరు గోవా మీదుగా మన తీరానికొచ్చి, తెలుగు కథోలిక కుటుంబాల్లో పిల్లల పేరైంది. బాస్క్ కొండల్లో ఒక కొత్తిల్లు ఇక్కడ మనిషి సొంత పేరుగా స్థిరపడింది, దాని ముందు తెలుగు ఇంటిపేరు చేరింది. బాప్తిస్మంతో సొంత పేరు మారినా ఇంటిపేరు మారని కుటుంబాలు డెల్టాలో ఎన్నో. మతం కంటే ఇంటిపేరుకి పట్టు ఎక్కువ.

ఆ పట్టు సముద్రం దగ్గర సడలింది. గోదావరి సముద్రంలో కలిసేచోట, కాకినాడ దగ్గర కోరంగి రేవు ఉండేది. 1839 తుఫానుకి దెబ్బతిన్న రేవు అది. అక్కడినుంచి ఓడెక్కి బర్మా వెళ్ళిన తెలుగు కూలీలందరినీ అక్కడివాళ్ళు 'కొరంగీలు' అన్నారు. ఏ ఊరివాళ్ళయినా, ఏ ఇంటిపేరైనా, బయల్దేరిన రేవు పేరే అందరికీ పేరు. మన ఇళ్ళల్లో జరిగిందే ఒక జాతి మొత్తానికి జరిగింది. వదిలిన చోటు పేరు దిగిన చోట తగులుకుంది. మారిషస్‌లో ఇంకోలా అయింది. అక్కడ తండ్రి సొంత పేరే రికార్డుల్లో కుటుంబం పేరుగా నిలబడిపోవడం మామూలైంది. ఫ్రెంచిలో రాసే మారిషస్ నవలా రచయిత్రి నతాషా అప్పనా తెలుగు కూలీల వారసురాలు. ఆ 'అప్పనా' మన అప్పన్నే. 2023లో వచ్చిన తన పుస్తకంలో ఆమె తన పూర్వీకుల ఆ రాకని వెతుక్కుంటూ వెళ్ళింది. మనకి ఊరి పేరు మిగిలి మనిషి పేరు పోయింది. వాళ్ళకి మనిషి పేరు మిగిలి ఊరి పేరు పోయింది. ఏదో ఒకటి పోకుండా ఎవరూ దాటలేదు. ఇవాళ వీసా మీద పేరు ఖాళీగా ఉంటే 'ఎఫ్.ఎన్.యు.' అని కొట్టి పంపుతున్నారు, అంటే 'పేరు తెలియదు' అని. ఆ మూడక్షరాలే తన పేరనుకుని పిలిచే సహోద్యోగుల మధ్య పనిచేస్తున్న తెలుగువాళ్ళున్నారు. రేవు మారింది, పద్ధతి అదే.

చివరగా 2022కి వద్దాం. ఆ ఏడాది ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు వచ్చాయి. పాత తూర్పు గోదావరిలోని ఏజెన్సీ భాగం కలిసిన జిల్లాకి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. అల్లూరు 'అల్లూరి' అయిందని రూపమే చెబుతోంది. ఆయన కుటుంబానిది భీమవరం దగ్గర మోగల్లు, ఆయన పుట్టింది విశాఖ వైపు పాండ్రంగిలో. మూడు ఊళ్ళ మనిషి. ఆ పేరు మీద ఎక్కడా ఇళ్ళు తగలబడలేదు. కోనసీమ జిల్లాకి అంబేద్కర్ పేరు చేర్చాలన్నప్పుడు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లు, ఒక శాసనసభ్యుడి ఇల్లు తగలబడ్డాయి. మా సీమ పేరు మాకుండాలన్నారు. పైకి వినిపించిన వాదన స్థానికత గురించి. అంబేద్కర్ అన్న పేరు ఎలా వచ్చింది? రత్నగిరి జిల్లాలో అంబడవే అని వాళ్ళ కుటుంబం ఊరు. ఆ ఊరి పేరే బళ్ళో ఇంటిపేరైంది, తర్వాత ఆ రూపానికి మారింది. కందుకూరి, పాలగుమ్మి, పుల్లేటికుర్తి, గంటి ఎలా వచ్చాయో అచ్చం అలాగే. వ్యాకరణం ప్రకారం కోనసీమ ఇళ్ళల్లో సగం పేర్లకి అది సొంత అన్నదమ్ముల వరస. ఒకే ఏడాది, రెండు జిల్లాలు, రెండు ఊరి పేర్ల ఇంటిపేర్లు. ఒకదానికి దండలు పడ్డాయి, ఇంకోదానికి మంటలు. తేడా పేరులో లేదని ఇంతసేపూ చూశాం. తేడా ఎక్కడుందో అద్దె ఇంటి మూడో ప్రశ్న దగ్గరే తెలిసిపోయింది.

మంటలు పెట్టినా ఆ పేరు జిల్లాకి నిలబడింది. ఇప్పుడు పాలగుమ్మి ఊరు, గంటి ఊరు, పుల్లేటికుర్రు, మూడూ డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోనే ఉన్నాయి. తమ పేర్లని ఊరు వదిలినవాళ్ళకి ఇచ్చి పంపిన ఊళ్ళు, ఇంకెక్కడో ఊరు వదిలిన కుటుంబం పేరుని తమ చిరునామాలో రాసుకుంటున్నాయి.

గోదావరి మీద రాయబోయే కథలకి ఇక్కడ బోలెడంత ముడిసరుకుంది. పూతరేకుల గురించి ఇప్పటికే చాలా చదివాం. ఎవరో ఒకరు మొదటిసారి ఒక పరాయి ఊళ్ళో మూటతో దిగిన రోజు గురించి, వాళ్ళని చూసి ఆ ఊరివాళ్ళు "ఎవరు వీళ్ళు? ఏ ఊరి వాళ్ళు?" అనుకున్న క్షణం గురించి రాస్తే చదవాలనుంది. ఆ ప్రశ్నకి అప్పుడు దొరికిన జవాబునే మనం ఇవాళ్టికీ సంతకంలో మోస్తున్నాం.